కొత్తగా చేరినవారిని తొలి సీజన్‌లో ఎయిట్‌లో కూర్చోబెట్టాలా, చిన్న పడవల్లో నేర్పాలా?

క్లబ్ కార్యదర్శి:

అందరికీ నమస్కారం. మా కళాశాల రోయింగ్ క్లబ్ నిర్వహణను ఈ ఏడాది నేనూ మరో ఇద్దరు మిత్రులూ చేపట్టాం. అనుభవం ఉన్నవారిలో చాలామంది చదువు ముగించుకుని వెళ్లిపోయారు. మిగిలిన ఏడెనిమిది మందిలో స్కల్లింగ్, అంటే చేతికొక తెడ్డు చొప్పున రెండు తెడ్లతో పడవ నడపడం, బాగా వచ్చినవారు ఇద్దరే. మరోవైపు, ఇంతకుముందు ఎన్నడూ తెడ్డు పట్టనివారు ఇరవై మందికి పైగా కొత్తగా చేరారు. మా దగ్గర ఒక పాత ఎయిట్ (ఎనిమిది మంది ఒక్కో తెడ్డుతో నడిపే పడవ), కాక్స్ (తెడ్డు వేయకుండా దిశ చూసుకుంటూ జట్టును నడిపే వ్యక్తి) కూర్చునే ఫోర్లు (నలుగురు ఒక్కో తెడ్డుతో నడిపేవి) రెండు, కాక్స్ కూర్చునే క్వాడ్ (నలుగురు రెండేసి తెడ్లతో నడిపేది) ఒకటి, ఒక డబుల్ (ఇద్దరి స్కల్లింగ్ పడవ), రెండు సింగిల్స్ (ఒక్కరే నడిపేవి) ఉన్నాయి.

మా ముందున్న పోటీలు రెండు. శరదృతువు చివర్లో చిన్న పడవల హెడ్ రేసు ఉంది. సుమారు 5 కిలోమీటర్ల దూరంలో పడవలు ఒకదాని తర్వాత ఒకటి బయలుదేరుతాయి, ఎవరి సమయాన్ని బట్టి వారికి స్థానం దక్కుతుంది. చలికాలం ముగిశాక నోవిస్‌ల, అంటే కొత్తగా నేర్చుకుంటున్నవారి, కోసం 1,000 మీటర్ల రెగట్టా జరుగుతుంది. అందులో పడవలు పక్కపక్కనే పరుగెడతాయి, ఎయిట్లకూ ఫోర్లకూ వేర్వేరు విభాగాలు ఉంటాయి.

కొత్తవారందరినీ మొదటి రోజు నుంచే ఎయిట్‌లో కూర్చోబెట్టి, రెగట్టా వరకూ అదే పడవలో కొనసాగించాలన్నది క్లబ్‌లోని పెద్దల అభిప్రాయం. అలా చేస్తే ఎనిమిది మందికి ఒకేసారి శిక్షణ ఇవ్వవచ్చని, జట్టు భావన త్వరగా ఏర్పడుతుందని వారంటున్నారు. చిన్న పడవల్లో నేర్చుకున్నవారి చేతుల్లో కనిపించే సున్నితత్వం ఎయిట్‌లో మాత్రమే పెరిగినవారిలో నాకు అంతగా కనిపించలేదు. అయినా నేను చూసింది తక్కువ కాబట్టి, సీజన్ మొత్తాన్ని ఆ ఒక్క నమ్మకం మీద నడిపించడానికి వెనుకాడుతున్నాను. శిక్షకులుగానో క్రీడాకారులుగానో ఇలాంటి తొలి సీజన్ నడిపినవారు మీ అభిప్రాయం చెప్పగలరా? జట్టు ఎంపికను కొత్తవారి మనసు నొప్పించకుండా ఎలా చేయాలో కూడా తెలియజేస్తే మేలు చేసినవారవుతారు.

పాత శిక్షకుడు:

మీ నమ్మకం సరైనదే, అయితే దానికి కొన్ని హద్దులు ఉన్నాయి. ముందుగా చిన్న పడవ ఎందుకు బాగా నేర్పుతుందో చూద్దాం. అంతర్జాతీయ నియమాల ప్రకారం సింగిల్ కనీస బరువు 14 కిలోలు, ఎయిట్ కనీస బరువు 96 కిలోలు. సింగిల్ పొడవు దాదాపు 8 మీటర్లయితే ఎయిట్ 17 మీటర్లకు పైనే ఉంటుంది. ఎయిట్‌లో ఒకరు తెడ్డును ఆలస్యంగా నీటిలో దించినా, సీటు మీద ముందుకు వేగంగా దూసుకువచ్చినా, ఆ పొరపాటు మిగతా ఏడుగురి బరువులోనూ వేగంలోనూ కలిసిపోతుంది. పడవ ఒక పక్కకు ఒరిగిందని అందరికీ తెలుస్తుంది కానీ ఎవరి వల్ల ఒరిగిందో ఎవరికీ తెలియదు, ప్రతి ఒక్కరూ అది పక్కవారి వల్లేననుకుంటారు. సింగిల్‌లో ఆ అవకాశమే లేదు. ఒక చేయి రెండో చేతికంటే కాస్త పైకి లేస్తే పడవ వెంటనే ఒరుగుతుంది, చేతులు సరిచేసుకుంటే మళ్లీ నిలబడుతుంది. శిక్షకుడు గట్టుమీది నుంచి పదిసార్లు చెప్పినా ఎక్కని సంగతిని పడవ ఒక్కసారిలో చెప్పేస్తుంది.

అలాగని ఇరవై మంది కొత్తవారిని రెండు సింగిల్స్‌లో వంతులవారీగా కూర్చోబెట్టమని నేను చెప్పను. అది ఆచరణలో సాధ్యం కాదు, చలి ముదురుతున్న రోజుల్లో క్షేమమూ కాదు. మీ దగ్గర ఉన్నవాటిలో కొత్తవారికి అన్నిటికంటే విలువైనది కాక్స్ కూర్చునే క్వాడ్. నలుగురూ రెండేసి తెడ్లతో ఉంటారు కాబట్టి శరీరం రెండు వైపులా సమానంగా పనిచేస్తుంది, పడవ త్వరగా బోల్తా పడదు, దిశ చూసుకునే బాధ్యత కాక్స్‌ది. మొదట్లో ఇద్దరు తెడ్లను నీటిమీద బల్లపరుపుగా ఆనించి పడవను నిలకడగా పట్టుకుంటే, మిగతా ఇద్దరు తెడ్డు వేస్తారు. ముందు చేతులతో మాత్రమే, తర్వాత నడుము వంపును కలిపి, ఆపైన సీటును పావు వంతు, సగం, చివరికి పూర్తిగా జరుపుతూ సాగాలి. తెడ్ల పిడులు మధ్యలో ఒకదానిమీదుగా ఒకటి దాటేచోట ఎడమ చేయి కాస్త పైన, కుడి చేయి దాని కింద, శరీరానికి కొద్దిగా దగ్గరగా సాగే పద్ధతిని తొలిరోజే అలవాటు చేయండి. రిగ్గర్ల (పడవ పక్కన తెడ్లను పట్టి ఉంచే చట్రాల) ఎత్తును కూడా ఆ తేడాకు తగినట్టే అమరుస్తారు. ఈ ఒక్క విషయాన్ని వదిలేస్తే వేళ్ల కణుపులు గీరుకుపోతూనే ఉంటాయి, ఆ నొప్పికి భయపడి చేతులను దూరంగా పట్టుకోవడం మొదలవుతుంది, అక్కడితో పడవ నిలకడ పోతుంది.

క్వాడ్‌లో కొన్ని వారాలు గడిపినవారిని ఫోర్‌లోకి మార్చి ఒక్క తెడ్డు పట్టించండి. అప్పటికి నీటి పట్టు వారికి తెలిసి ఉంటుంది కాబట్టి, ఒక వైపుకే తిరిగే కొత్త కదలికను నేర్చుకోవడం మాత్రమే మిగులుతుంది. మొదటిరోజు నుంచే ఒక్క తెడ్డుతో మొదలుపెట్టినవారు నీటినీ తెడ్డునూ పక్కకు తిరిగే నడుమునూ ఒకేసారి అర్థం చేసుకోవాల్సి వస్తుంది, ఆ తికమకలో పిడిని బిగించి పట్టుకుంటారు. నా అనుభవంలో కొత్తవారి తప్పుల్లో సగం ఆ బిగింపు నుంచే పుడతాయి. తెడ్డును తిప్పాల్సిన సమయానికి మణికట్టు కదలదు, తెడ్డు వాలుగా నీటిలో దిగి లోతుకు పోతుంది, దాన్ని బయటకు తీయలేకపోతారు, దీన్నే క్రాబ్ పడటం అంటారు. అందుకే నిమిషానికి 18 నుంచి 20 స్ట్రోకులు మించకుండా, లాగడానికి పట్టే సమయం కంటే ముందుకు జరగడానికి ఎక్కువ సమయం తీసుకుంటూ సాగే అలవాటు మొదటి నెలలో స్థిరపడాలి.

ఎయిట్‌ను ఆ తర్వాతే తీయండి. పెద్ద పడవలోకి ఆలస్యంగా వచ్చినవారు అక్కడ చాలా త్వరగా కుదురుకుంటారు.

కాక్స్ సీటు:

శిక్షకులవారు చెప్పిన సాంకేతిక విషయాలతో నాకు విభేదం లేదు. కానీ ఎయిట్‌ను అంత వెనక్కి నెట్టడం సరికాదని నా అభిప్రాయం. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ కళాశాలలలో ఏటా వందలాది కొత్తవారు మొదటి టర్మ్‌లోనే తెడ్డు పడతారు, వారిలో ఎక్కువమంది ఎక్కేది ఎయిట్‌నే. ఆ టర్మ్ ముగిసేలోపే వారికోసం ప్రత్యేకమైన పోటీలు కూడా ఉంటాయి. ఆక్స్‌ఫర్డ్‌లో క్రైస్ట్ చర్చ్ రెగట్టాలో నోవిస్ ఎయిట్లు జంటలుగా పోటీపడి, ఓడినవి తప్పుకుంటాయి. కేంబ్రిడ్జ్‌లో జీసస్ కళాశాల బోట్ క్లబ్ నిర్వహించే ఫెయిర్‌బెయిర్న్ కప్ సమయంతో పోటీపడే హెడ్ రేసు, అందులో నోవిస్‌లకు వేరే విభాగం ఉంటుంది. ఆ కప్పుకు ఎవరి పేరు పెట్టారో ఆ స్టీవ్ ఫెయిర్‌బెయిర్నే 1926లో థేమ్స్ నదిపై హెడ్ ఆఫ్ ది రివర్ రేసును ప్రారంభించారు. చలికాలమంతా దూరాలు తెడ్డువేసే జట్లకు ఒక లక్ష్యం ఉండాలన్న ఆలోచన దాని వెనుక ఉంది. మీ శరదృతువు హెడ్ రేసు కూడా ఆ కోవలోదే.

అక్కడ ఎయిట్‌కు ప్రాధాన్యం రావడానికి సంప్రదాయం ఒక్కటే కారణం కాదు. ఒక శిక్షకుడు గట్టుమీద సైకిల్‌పై వెళుతూ ఒకేసారి ఎనిమిది మందిని చూడగలడు. అంతకంటే ముఖ్యంగా, కొత్తగా చేరినవారు క్లబ్‌లో నిలబడేది మొదటి మూడు నాలుగు వారాల్లోనే. ఆ సమయంలో వంతు కోసం గట్టుమీద ఎక్కువసేపు నిలబడాల్సి వస్తే, వారిలో చాలామంది తిరిగి రారు. ఎనిమిది తెడ్లు ఒకేసారి నీటిలో దిగి, పడవ కాళ్లకింద ఒక్కసారిగా ముందుకు సాగిన అనుభవం ఒక్కటి దొరికితే, మరుసటి వారం చీకటితోనే లేచి రావడానికి అది చాలు. ఆ అనుభవాన్ని రెగట్టా ముందు వరకూ దాచిపెట్టకండి. వారానికి ఒకసారైనా, నలుగురు పడవను నిలకడగా పట్టుకుంటే మిగతా నలుగురు తెడ్డువేసే పద్ధతిలో, ఎయిట్‌ను నీటిలో దించండి. పాతవారిలో ఇద్దరిని బౌ వైపు (పడవ ముక్కు వైపు) ఒకరినీ స్ట్రోక్ సీటులో (వెనుక చివర ఉండి అందరికీ లయ ఇచ్చే సీటులో) ఒకరినీ కూర్చోబెడితే పడవ చాలా మారుతుంది.

ఈ చర్చలో ఎవరూ ప్రస్తావించని మరో విషయం ఉంది. మీ కాక్సులు కూడా నోవిస్‌లే కదా. తెడ్డు వేసేవారికి నెలల తరబడి శిక్షణ ఇచ్చి, కాక్స్‌ను మాత్రం తేలికగా ఉన్నారన్న కారణంతో ఎంచి, మొదటిరోజే 17 మీటర్ల పడవను చేతికి అప్పగించడం చాలా క్లబ్‌లలో జరుగుతోంది. అది అన్యాయం, ప్రమాదం కూడా. తెడ్డువేసేవారంతా వెనక్కి తిరిగి కూర్చుంటారు, ముందు ఏముందో చూసేది ఒక్క కాక్సే. కాబట్టి కొత్త కాక్సులను ముందుగా పాతవారి ఫోర్‌లో తీసుకెళ్లండి. ఆ ఫోర్‌లో కాక్స్ పడవ ముందుభాగంలో పడుకునే అమరిక ఉంటే, దారి చక్కగా కనిపిస్తుంది కానీ తెడ్లు కనిపించవు. అప్పుడు పడవ ఒరుగును బట్టి, శబ్దాన్ని బట్టి జట్టు ఎలా సాగుతోందో గ్రహించడం అలవాటవుతుంది. చుక్కానిని తిప్పిన ప్రతిసారీ పడవ వేగం కొంత తగ్గుతుందని, అందువల్ల తెడ్లు నీటిలో ఉన్నప్పుడు కొద్ది కొద్దిగా తిప్పాలని, మలుపు వచ్చాక కాకుండా రాకముందే మొదలుపెట్టాలని మొదటి వారంలోనే చెప్పండి. 5 కిలోమీటర్ల హెడ్ రేసులో దారి తప్పుగా తీసుకున్న పడవ పోగొట్టుకునే సెకన్లను, నలుగురు ఎంత బలంగా లాగినా తిరిగి తెచ్చుకోవడం కష్టం.

చన్నీరు:

పై ఇద్దరి సలహాలూ విలువైనవే, కానీ వాటికి ముందు జరగాల్సిన పని ఒకటుంది. చిన్న పడవలంటే నీటిలో పడే అవకాశం ఎక్కువ. క్వాడ్‌లోగానీ సింగిల్‌లోగానీ కూర్చునే ప్రతి ఒక్కరూ బట్టలతో ఈదగలరని నిర్ధారించుకుని, వీలైతే ఈతకొలనులో పడవను బోల్తా కొట్టించి బయటపడే అభ్యాసం చేయించండి. నీటి ఉష్ణోగ్రత 15 డిగ్రీలకంటే తగ్గితే, పడిన మొదటి నిమిషంలో మనిషి ప్రమేయం లేకుండానే ఊపిరి ఎగపీల్చుకుంటుంది. మంచి ఈతగాళ్లకు కూడా ఆ క్షణంలో నీరు మింగే ప్రమాదం ఉంది. అందువల్ల చెప్పాల్సింది ఒకటే: పడవను వదలవద్దు, ముందు ఊపిరి కుదురుకోనివ్వండి, ఒడ్డు దగ్గరే ఉన్నట్టు కనిపించినా పడవను విడిచి ఈదవద్దు. పడవ తేలుతుంది, వీలైతే దానిమీదకు ఎక్కి శరీరాన్ని నీటి బయట ఉంచాలి.

పడవను నీటిలో దించేముందు ప్రతిసారీ చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ముక్కుకు ఉండే తెల్లని రబ్బరు బంతి గట్టిగా ఉందా, గాలి అరల మూతలు బిగించి ఉన్నాయా, బూట్ల మడమలను పట్టి ఉంచే తాళ్లు తెగకుండా ఉన్నాయా అన్నవి. ఆ తాళ్లు ఉంటేనే పడవ తిరగబడినప్పుడు చేతులు వాడకుండా పాదాలు బయటకు వస్తాయి. పాత పడవల్లో ఎక్కువగా పాడైపోయి కనిపించేవి అవే. కాక్స్ లేని డబుల్‌లో బౌ సీటులో కూర్చున్నవారు కొన్ని స్ట్రోకులకొకసారి వెనక్కి తిరిగి చూడటం తప్పనిసరి. కొత్తవారిద్దరినీ కలిపి డబుల్‌లో పంపవద్దు.

మూడో సీటు:

ఎంపిక గురించి అడిగారు కాబట్టి ఆ ఒక్క విషయానికే పరిమితమవుతాను. నేను మూడు కళాశాల జట్లలో ఎంపిక జరిగే తీరును దగ్గరగా చూశాను.

ఎర్గోమీటర్ (ఎర్గ్, అంటే నేలమీద తెడ్డువేత సాధన చేసే యంత్రం) మీద వచ్చే అంకె అందరికీ కనిపిస్తుంది, వాదనకు తావుండదు, అందుకే చాలామంది దాన్నే ఆశ్రయిస్తారు. అది శక్తిని చక్కగా కొలుస్తుంది, దాని విలువను నేను తగ్గించడం లేదు. కానీ ఆ యంత్రం నేలమీద కదలకుండా ఉంటుంది, అక్కడ బరువైన మనిషి తన బరువుకు మూల్యం చెల్లించడు. నీటిలో అదే బరువు పడవను కొంచెం లోతుకు దించి, తడిసే భాగాన్ని పెంచుతుంది. పైగా వేగాన్ని కొద్దిగా పెంచాలన్నా శక్తిని చాలా పెంచాలి, ఎందుకంటే అవసరమైన శక్తి దాదాపు వేగపు ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. అంటే 500 మీటర్లకు రెండు సెకన్ల తేడా అనేది కాగితం మీద చిన్నదిగా కనిపించినా, శరీరానికి పెద్దదే. అదే సమయంలో, తెడ్డును సమయానికి దించలేని బలవంతుడు ఆ శక్తిలో ఎక్కువ భాగాన్ని నీటిని చిమ్మడానికే ఖర్చు పెడతాడు. ఆ యంత్రంలోని డ్యాంపర్ అనే మీటను గరిష్ఠమైన పదికి పెట్టుకుని తాము మరింత కష్టపడుతున్నామనుకునే కొత్తవారికి, ఆ మీట గాలి పరిమాణాన్ని మారుస్తుందే తప్ప పని ఫలితాన్ని పెంచదని ముందే చెప్పండి. అందరికీ ఒకే అమరికపెట్టి పరీక్షించడం న్యాయం.

రెండు ఫోర్లను పక్కపక్కనే కొన్ని నిమిషాలు పరుగెత్తించి, రెండు పడవల నుంచి ఒక్కొక్కరిని మార్చి మళ్లీ పరుగెత్తించడం, అంటే సీటు రేసింగ్, పాతవారికి ఉత్తమ పద్ధతి. రెండు పరుగుల మధ్య పడవల దూరంలో వచ్చిన మార్పు మారిన ఆ ఇద్దరి వల్ల వచ్చినదిగా పరిగణిస్తారు. కానీ దీనికి ఒక షరతు ఉంది: మారనివారు రెండు పరుగుల్లోనూ ఒకేలా తెడ్డువేయాలి. కొత్తవారిలో ఆ నిలకడ ఉండదు. మొదటి పరుగులో క్రాబ్ పడినవారు రెండో పరుగులో బాగా వేస్తే, ఆ ఫలితం మార్చినవారికి దక్కుతుంది లేదా వారి మెడకు చుట్టుకుంటుంది. అందుచేత రెగట్టాకు నెల ముందు వరకూ సీటు రేసింగ్ పెట్టవద్దని నా గట్టి సలహా.

అంతవరకూ మూడు విషయాలను చూడండి, వాటిని మొదటిరోజే అందరికీ రాతపూర్వకంగా తెలియజేయండి. సాధనకు క్రమం తప్పకుండా రావడం, ఎర్గ్ మీద కాలక్రమంలో మెరుగుదల, వేర్వేరు జట్లలో కూర్చున్నప్పుడు ఆ పడవ ఎలా సాగిందన్నది. మూడోదే అన్నిటికంటే నమ్మదగినది, దానికి చిన్న పడవల సాధన చాలా పనికొస్తుంది. ఒకే వ్యక్తి ఏ ముగ్గురితో కూర్చున్నా ఆ క్వాడ్ కాస్త తేలికగా సాగుతుందని కాక్సులు చెబితే, ఆ మాటను నోటుపుస్తకంలో రాసుకోండి. ఎంపికలో వెనుకబడినవారికి కారణం విడిగా, ముఖాముఖిగా చెప్పండి, బోర్డుమీద పేర్లు అంటించి మౌనంగా ఉండవద్దు. కొత్తవారి మనసు నొప్పించేది ఎంపిక కాకపోవడం కంటే ఎందుకు కాలేదో తెలియకపోవడమే.

క్లబ్ కార్యదర్శి:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. కాక్సుల శిక్షణ గురించి మేం అసలు ఆలోచించలేదు, రేపే దానికి ఏర్పాటు చేస్తాం. మడమ తాళ్ల విషయం చదివాక పడవలన్నీ చూశాం, ఎయిట్‌లో రెండు సీట్ల దగ్గర అవి తెగిపోయి ఉన్నాయి, వాటిని మార్చేవరకూ ఆ పడవను బయటకు తీయం. ఒక్క సందేహం మిగిలింది. శరదృతువు హెడ్ రేసులో పాతవారిని మాత్రమే పంపడమా, కొత్తవారితో ఒక క్వాడ్‌ను కూడా నమోదు చేయడమా అన్నది. సరిగా సిద్ధం కాకముందే పోటీకి పంపి వారిని నిరుత్సాహపరచడం నాకు ఇష్టం లేదు.

పాత శిక్షకుడు:

నమోదు చేయండి. హెడ్ రేసు కొత్తవారికి రెగట్టా కంటే సౌమ్యమైన మొదటి పోటీ. పక్కన మరో పడవ ఉండదు, బయలుదేరేటప్పటికే పడవ కదులుతూ ఉంటుంది కాబట్టి ఆగి ఉన్న స్థితి నుంచి దూకాల్సిన అవసరం లేదు, ఒక క్రాబ్ పడినా పోటీ ముగిసిపోదు. 1,000 మీటర్ల రెగట్టాలో అలా కాదు. అక్కడ మొదటి పది స్ట్రోకుల్లో తడబడితే కోలుకునే దూరం మిగలదు. ముప్పావు, సగం, ముప్పావు, పూర్తి అని స్లైడ్‌ను (సీటు జరిగే దూరాన్ని) మార్చుకుంటూ ఆగి ఉన్న పడవను కదిలించే అభ్యాసాన్ని ఆ పోటీకి ముందు కొన్ని వారాలపాటు ప్రతి సాధనలోనూ చేయించాలి. దాన్ని ఇప్పుడే మొదలుపెట్టకండి.

క్వాడ్‌లో ముగ్గురు కొత్తవారినీ స్ట్రోక్ సీటులో ఒక పాతవారినీ ఉంచడానికి నిర్వాహకులు అనుమతిస్తారేమో ముందుగా అడగండి. పోటీని బట్టి నోవిస్ నిర్వచనం మారుతుంది, కొన్నిచోట్ల అలాంటి జట్టును నోవిస్ విభాగంలో చేర్చుకోరు. అనుమతి లేకపోతే నలుగురు కొత్తవారినే పంపి, వారికి స్థానం గురించి కాకుండా రేటు (నిమిషానికి స్ట్రోకుల సంఖ్య) గురించి లక్ష్యం పెట్టండి. నిమిషానికి 24 దాటకుండా చివరిదాకా నిలబెట్టమని, చివరి 500 మీటర్లలో మాత్రమే 26 లేదా 28కి పెంచమని కాక్స్‌కు చెప్పండి. వెనుక నుంచి వేగంగా వచ్చే పడవకు దారి ఇవ్వాల్సిన బాధ్యత ముందున్న నెమ్మది పడవదే. ఏ వైపుకు తొలగాలో ఆ పోటీ నియమాల్లో రాసి ఉంటుంది. కాక్స్‌తో ఆ దారిని గట్టుమీద ఒకసారి నడిచి చూపించి, మలుపులు, వంతెనలు, ఎక్కడ తొలగాలన్నది ముందే మాట్లాడుకోండి. నమోదు గడువు దగ్గరపడేలోపు క్వాడ్ ఒక్కసారైనా ఆగకుండా 5 కిలోమీటర్లు పూర్తి చేయగలిగితే పంపండి, లేకపోతే ఆ రోజు వారిని గట్టుమీద నిలబెట్టి పాతవారి పడవలు మలుపులు ఎలా తీసుకుంటున్నాయో చూడమనండి.